పొడి పీల్చే పెద్దాయన

ఇన్‌హేలర్ నోట్లో పెట్టుకోగానే జంగప్ప ఊపిరి బిగబట్టేశాడు. మందు పొడి మళ్లీ అందులోనే ఉండిపోయింది.

"పీల్చమంటె ఆపుతవేంది?" అంది భార్య శాంతవ్వ, ఏడుపు ఆపుకుంటూ.

"నేను ఆపుతలేనే. పొడి అనంగనే అదే ఆగుతుంది."

పాపం, అతని తప్పేముంది? తాండూరు నాపరాళ్ల పాలిష్ పనిలో, దుమ్ము లేచినప్పుడల్లా ఊపిరి బిగబట్టి బతికినవాడు. ఇప్పుడు ఊపిరితిత్తులకు పట్టిన ఇన్ఫెక్షన్ మాత్రలకూ సూదులకూ లొంగడం లేదు. రెండు మందులు కలిపిన ఈ కొత్త పొడి లోపలికి పోతేనే మనిషి దక్కుతాడని వికారాబాద్ దవాఖానలో డాక్టర్ మల్లిక తేల్చి చెప్పింది.

మరునాడు పక్క గదిలోంచి ఒక పెద్దాయన దగ్గుకుంటూ వచ్చాడు. లుంగీ, భుజాన తువ్వాలు, చేతిలో అలాంటి ఇన్‌హేలరే.

"మీరెవరు సారూ?" అడిగాడు జంగప్ప.

"నేను గూడ పేషెంటునే. కుమారస్వామి." అంటూ ఆయన జంగప్పకు ఎదురుగా కూర్చున్నాడు. "తమ్మీ, నన్ను జూడు. ముందుగాల ఉన్న ఊపిరంత ఇడిచిపెట్టు. లోపట ఏం లేనప్పుడు ఏం ఆపుతవ్? ఇగ గుంజు."

తాను గుంజి చూపించాడు. వెంటనే దగ్గు తెర కమ్మింది. కళ్లు తుడుచుకుని మళ్లీ చూపించాడు.

రోజూ అదే వరస. జంగప్పకు మెల్లగా పట్టుబడింది.

శాంతవ్వకే అనుమానం పట్టుకుంది. తన మొగుడికిచ్చేది కొంచెం పొడి, ఈయన చూస్తే పదేపదే పీలుస్తున్నాడు.

ఒకనాడు వార్డంతా వినేలా కడిగేసింది.

"నేర్పుతున్నట్టు జేసి మా ఆయన మందు గుంజుతున్నవా? జర సిగ్గుండాలె!"

కుమారస్వామి జంగప్ప భుజం తట్టి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

జంగప్పకు జ్వరం దిగింది. బువ్వ సయించింది. ఇంటికి పంపే రోజున శాంతవ్వకు మనసు ఆగలేదు.

"డాక్టరమ్మా, గా పెద్దాయన యాడున్నడు? నోటికొచ్చినట్టు అన్న. కాళ్లు మొక్కి పోత."

మల్లిక ఆమె చెయ్యి పట్టుకుంది.

"మొన్న పోయిండమ్మా. క్యాన్సర్. ఏ మందుకూ లొంగే దశ కాదు."

"అయ్యో! మరి గా పొడి ఎందుకు పీల్చిండు?"

"అది మందు కాదు శాంతవ్వా, మీ ఆయనకు నేర్పడానికి తెచ్చుకున్న ఉత్త పాల చక్కెర," అంది మల్లిక. "మీ ఆయనను బతికించిన పొడిని కనిపెట్టింది ఆయనే."