బొమ్మ ఆగాలి, మాట ఆగకూడదు

“ఈ రెండింట్లో ఏది ఎక్కువ మొరాయిస్తుంది?”

నిబ్రాస్ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి తలెత్తాడు. బాగ్దాద్ సినాఆ వీధిలో పాత కంప్యూటర్లు బాగుచేసే అతని కొట్టుకు వచ్చేవాళ్లంతా ఏది బాగా నడుస్తుందని అడిగేవాళ్లే.

“ప్రశ్న తిరగేసి అడిగావు హాజీ.”

“సరిగ్గానే అడిగాను. చెప్పు.”

యాభై దాటిన మనిషి. అబూ రువైదా, అంటే రువైదా తండ్రి, అని చెప్పుకున్నాడు. కూతురి కంప్యూటరును గుండెకు హత్తుకుని తెచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. పేలుడుకు అద్దం పోయిన కిటికీకి అట్ట కొట్టి ఉంది. దాని పక్క సందులోంచి మాటిమాటికీ వీధిలోకి చూస్తున్నాడు.

నిబ్రాస్ రెండు ప్రాసెసర్లనూ అరచేతిలో పెట్టి చూపించాడు.

“రెండూ పాతవే, రెండూ చవకరకమే. నీ దాంట్లోది ఈ పెంటియం. లోపల ఇద్దరు పనివాళ్లున్నట్టు. ఒకడు పిండి ఒత్తుతుంటే ఇంకొకడు పొయ్యిలోంచి రొట్టెలు తీస్తుంటాడు. ఇది సెలెరాన్. ఒక్కడే. ఒత్తాలి, కాల్చాలి, తీయాలి. గిరాకీ పెరిగిందా, చేతులెత్తేస్తాడు.”

“వీడియో కాల్ వస్తే?”

“మాట వస్తుంది. బొమ్మ ఆగి ఆగి, ముక్కలు ముక్కలుగా వస్తుంది.”

“అదే పెట్టు.”

నిబ్రాస్‌కు నవ్వొచ్చింది. “పాఠాలు చదువుకోడానికైతే సెలెరాన్ చాలు. కరెంటు తక్కువ తింటుంది, మీ వీధికి కరెంటు అమ్మే జెనరేటరువాడు ఏడుస్తాడు. కానీ ఉన్న మంచిది పీకేయడమేంటి? గుర్రాన్నిచ్చి గాడిదను తోలుకుపోతావా?”

“గుర్రాన్ని నువ్వే ఉంచుకో. బదులు ఏమీ ఇవ్వక్కర్లేదు. అమ్మాయికి మాత్రం తెలియకూడదు.”

నిబ్రాస్ నవ్వు ఆగిపోయింది.

“ఫోను ఎక్కణ్ణించి వస్తుంది?”

“సరిహద్దు అవతల, అమ్మాన్ నుంచి.”

“ఎవరు?”

“ఇంటి సంగతి. పరాయివాళ్లతో చెప్పేది కాదు.”

“అవతలివాళ్లనే కెమెరా కట్టేయమనొచ్చుగా?”

“కట్టేస్తే దానికి అనుమానం వస్తుంది. తప్పు మిషనుదే అనుకోవాలి.” అబూ రువైదా గొంతు తగ్గించాడు. “కానీ మాట ఆగకూడదు. ఒక్క ముక్క కూడా పోకూడదు.”

పక్కగదిలో నిలబడి వింటాడు కాబోలు అనుకున్నాడు నిబ్రాస్. అతని అక్క ఇల్హామ్ కూడా ఇలాగే ఎవరితోనో మాట్లాడేది. తండ్రి మొదట నవ్వుతూనే ఆమె ఫోను తీసుకున్నాడు. తర్వాత ఇల్హామ్ ఏమైందన్న మాట ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఎత్తరు.

“చూస్తే ఏమవుతుంది హాజీ?”

“చూసిందంటే నా పిల్ల నాకు దక్కదు.”

నిబ్రాస్ సెలెరాన్ బిగించి, పరీక్షకని ఉంచుకున్న వీడియో ఒకటి నడిపాడు. పాట సాఫీగా సాగింది. పాడుతున్నవాడి ముఖం మాత్రం సగంలో బిగుసుకుపోయి, చెదిరి, మళ్లీ బిగుసుకుపోయింది.

అబూ రువైదా కళ్లు మూసుకుని ఊపిరి వదిలాడు. “అల్‌హమ్‌దులిల్లా. పొద్దు వాలేలోగా ఇంట్లో పెట్టాలి. ఇవాళ తప్పితే లాభం లేదు.”

“ఒక్క క్షణం. విప్పి, చిప్పును చల్లబరిచే పేస్టు మళ్లీ రాయాలి, లేకపోతే వేడెక్కి మాట కూడా ఆగిపోతుంది.”

మాట ఆగిపోతుందనేసరికి ఆయన కంగారుగా తలూపాడు. మీటల ఫోను తీసుకుని గుమ్మం బయటికి వెళ్లాడు. నిబ్రాస్ పెట్టె విప్పుతూ చెవులు రిక్కించాడు.

“అయిపోయింది,” అంటున్నాడు ఆయన. “ఇక నువ్వు దానికి కనబడవు. మాట్లాడు, అంతే. నా మాట విను.”

అవతల ఎవరో కుర్రాణ్ణి ఈయన బెదిరిస్తున్నాడు, అనుకున్నాడు నిబ్రాస్. రేపు ఆ పిల్ల గతి ఏమిటి? ఇల్హామ్‌ను ఆ వేళ ఒక్కరైనా ఆదుకున్నారా?

గుమ్మం వైపు ఒక కన్ను వేసి, సెలెరాన్ తీసేశాడు. పెంటియంను మళ్లీ దాని చోట పెట్టి, పేస్టు రాసి, మూత బిగించాడు. వేళ్లు రెండుసార్లు జారాయి. ఆయన లోపలికి వచ్చేసరికి చివరి స్క్రూ తిప్పుతున్నాడు.

“అదే ఉంది కదా? సెలెరానే కదా?”

“నువ్వే చూశావుగా హాజీ.”

“నీ పిల్లలు చల్లగా ఉండాలి నాయనా.”

ఆయన నిబ్రాస్ నుదుటిని ముద్దుపెట్టుకుని, పెట్టె ఎత్తుకుని, దాదాపు పరుగెత్తాడు. ఆ ముద్దు పడిన చోటును నిబ్రాస్ చేత్తో తుడుచుకున్నాడు.

పొద్దు వాలి, మగ్రిబ్ అజాన్ ముగిసిన కాసేపటికి కొట్టు ఫోను మోగింది. చాలా చిన్న గొంతు.

“అన్నా, పెట్టెమీద అంటించిన కాగితంలో మీ నంబరుంది. నేను రువైదాని. నాన్న నమాజులో ఉన్నాడు, తొందరగా చెప్పండి. బొమ్మ రాదట కదా? మిషను ముసలిదైపోయిందట, మాటొక్కటే వస్తుందట. నిజమేనా?”

ఎవరితోనో ప్రేమలో పడే వయసు గొంతు కాదది. ఇంకా పాలపళ్లు ఊడుతున్నట్టు మాటలు జారుతున్నాయి. నిబ్రాస్ ఒక్క క్షణం తటపటాయించాడు. అయినా ఇంతదూరం వచ్చాక వెనక్కి తగ్గడమెందుకు అనుకున్నాడు.

“కాదు చెల్లెమ్మా. అద్దంలా కనబడుతుంది. నాన్నకు చెప్పకు.”

“నిజంగా? ఒట్టు?”

“ఒట్టు. నువ్వు భయపడకు.”

“నాకేం భయం! ఇన్నాళ్లూ కళ్లొక్కటే కనబడేవి. అదిగో, మోగుతోంది, నేను ఎత్తుతున్నా.” ఆ గొంతు గంతులేసింది. “ఇవాళే అమ్మాన్ ఆస్పత్రిలో మా అమ్మ ముఖానికి కట్లు విప్పారు.”