గుడ్డి దీపం

జిగురు వేలికి అంటుకుంది. లోవెల్ వేలిని ప్యాంటుకి రాశాడు. ఇప్పుడు ప్యాంటు కూడా వేలికి అంటుకుంది.

“ఛీ, జిడ్డు వెధవ పని. కొట్లో కొనుక్కుంటే పోయేది” అన్నాడు.

“కొన్న బాణం దీపాలు వానకి ఆరిపోతున్నాయని తిట్టింది నువ్వే బావా” అన్నాడు వెండెల్.

వెండెల్ లోవెల్ భార్య ఆర్డిస్‌కి తమ్ముడు. అతనికి విల్లు పట్టడం నేర్పింది లోవెలే. శుక్రవారం చేపల విందుకి వండడానికి ఆర్డిస్ చర్చికి వెళ్ళింది గనక వంటింటి బల్ల ఆ పూటకి వీళ్ళ పాలయింది.

పని చిన్నదే. రాత్రిళ్ళు చేపలు పట్టేవాళ్ళు గాలపు బెండులో గుచ్చే అగ్గిపుల్లంత దీపం ఒకటి, బాణం చివర వింటితాడుని పట్టుకునే ప్లాస్టిక్ తోక ఒకటి. తోక లోపల గరుకు కాగితంతో గీకి, దీపం తల దూర్చి, చుక్క జిగురు వెయ్యాలి. బాణం వదలగానే తాడు తన్నుకి తోక లోపలికి నొక్కుకుని దీపం వెలుగుతుంది. మసక వెలుతురులో బాణం ఎక్కడ తగిలిందో దాన్నిబట్టే తెలియాలి.

ఇద్దరి బాణాలూ ఒకే కొట్లో కొన్నవి. ఒకే నలుపు, ఒకే తెల్ల ఈకలు. అందుకని లోవెల్ పొట్లాల మీది అక్షరాలు చదివి మరీ ఆకుపచ్చ దీపాలు తనకీ, ఎర్రవి వెండెల్‌కీ బిగించాడు. ఒక్కొక్కటీ నొక్కి చూశాడు.

“ధగధగలాడేది నాది. ఈ గుడ్డి దీపం నీది.”

“గుడ్డిదేమిటి బావా, నిక్షేపంలా వెలుగుతుంటే.”

“కళ్ళు చూపించుకో.”

వెండెల్ నవ్వాడు. కిటికీ దగ్గరున్న టమాటా ఒకటి తీసి నొక్కి చూసి, మళ్ళీ అక్కడే పెట్టాడు. “మళ్ళీ పచ్చివే కోశావా?”

“అవే మాగుతాయిలే. ముందు నా మాట విను. ఈ ఏడు కూడా అదే షరతు. నా అడవిలో జింకని పొట్టలో కొట్టినవాడు మళ్ళీ అందులో కాలు పెట్టడు.”

ఊరికే అన్న మాట కాదది. పోయిన ఏడాది సొంత పినతండ్రి కొడుకునే అలా వెళ్ళగొట్టాడు. పొట్టలో బాణం దిగిన జింక ఎంతసేపో తన్నుకుని చస్తుంది. పేగులు పగిలి మాంసం పాడవుతుంది. ఆ కంపు లోవెల్ అసలు భరించలేడు.

ఆ సాయంత్రం పెద్ద కొమ్ముల మగజింక వచ్చింది. చెట్టుకి కట్టిన మంచె మీదనుంచి లోవెల్ బాణం వదిలాడు. వెలుగు చుక్క ఒకటి జింకని తాకి, దానితోపాటే పరుగెత్తింది. జింక వెండెల్ మంచె ముందునుంచి పోయింది. అక్కడా తాడు మోగింది.

నెత్తురు జాడ పట్టింది వెండెల్. ఎప్పుడూ అతనే. వంగితే నడుం పట్టేస్తుందని లోవెల్ వెనకే నడుస్తాడు.

“ఇదిగో బావా, ఈ ఆకు మీద.”

“కనిపిస్తోందిలే, నడు.”

జింకకన్నా ముందు కంపు ఎదురొచ్చింది. తుప్పల్లో పడి ఉందది. రెండు బాణాలూ ఒంట్లోనే ఉన్నాయి. ఒకటి భుజం వెనక, ఊపిరితిత్తుల్లో, ధగధగలాడుతోంది. రెండోది పొట్టలో తోకదాకా దిగి, అరగని మొక్కజొన్నా పేడా కలిసిన పసరు దట్టంగా పూసుకుని మిణుకుమిణుకుమంటోంది.

లోవెల్ కాండ్రించి ఉమ్మాడు. “గుడ్డి దీపం” అన్నాడు. “నీది.”

వెండెల్ రెండు దీపాలనీ చూశాడు. తర్వాత బావ మొహం చూశాడు. “బావా...” అని ఆగిపోయాడు.

“నోరెత్తకు. నీకు నేర్పినందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది. ఆ మూగజీవం ఎంత నరకం పడిందో చూడు.”

“నిజమే. కొట్టినవాడు తొందరపడ్డాడు.”

“ఒప్పుకున్నావు, అదీ నయం. మరి షరతో?”

“నీ అడవి, నీ మాట బావా.”

వెండెల్ చొక్కా చేతులు మడిచి, జింకని కోసి, ఆ పగిలిన పేగుల్ని తనే లాగి పారేశాడు. లోవెల్ గాలికి ఎగువన, ముక్కు మూసుకుని నిలబడ్డాడు. కంపుకన్నా వెండెల్ చూపులే అతనికి ఎక్కువ రోత పుట్టించాయి. తప్పు చేసినవాడు మొహం దించుకోవాలి. వీడేమిటి, తనకేసి జాలిగా చూస్తున్నాడు?

“అక్కతో నేను మాట్లాడతాలే” అన్నాడు వెండెల్, విప్పేసిన తన మంచెని ట్రక్కులో వేసుకుంటూ. “నువ్వేం చెప్పకు.”

లోవెల్‌కి అంత ఓపిక ఎక్కడిది? ఆర్డిస్ చర్చినుంచి చేపల పొట్లాలు పట్టుకుని ఇంటి వెనక షెడ్డులోకి రాగానే మొత్తం కక్కేశాడు.

“పొట్టలో కొట్టాడు మీ తమ్ముడు. ఇదిగో, ఆ దిక్కుమాలిన బాణం. ఇక ఈ జన్మలో నా అడవిలో అడుగుపెట్టడు.”

“ఒక్క తప్పుకేనా? నీ వెనకాలే పెరిగాడయ్యా వాడు.”

“ఒక్కటి చాలదా? వాసన చూడు, నీకే తెలుస్తుంది.”

ఆర్డిస్ కొంగలా మెడ వెనక్కి లాక్కుంది. పాతగుడ్డ తీసుకుని, మొహం అటు తిప్పుకుని, బాణం తోకకి ఎండిన పసరు గట్టిగా తుడిచింది. గుడ్డి దీపం కాస్తా ధగధగలాడింది. లోవెల్ కనుబొమలు ముడిపడ్డాయి.

ఆర్డిస్ దాన్ని ఎత్తి చూసింది.

“వాడికి ఆకుపచ్చ దీపం పెట్టావా?”