శుక్రవారం గౌను

తెల్ల గౌను భుజానికి చీటీ గుచ్చి ఉంది.

టైలరమ్మ దుకాణంలో అదొక కట్టుబాటు. గౌను ఎవరిది, ఎవరింటి పార్టీకి, ఏ రోజుకి, అన్నీ చీటీ మీద రాయాల్సిందే. ఒకే పార్టీలో ఇద్దరు ఒకే మోస్తరు గౌన్లలో ఎదురుపడ్డారంటే ఆ పాపం టైలరమ్మ నెత్తికే చుట్టుకుంటుంది.

ఒక బుధవారం ముత్యాల మేడమ్ వచ్చింది. మెడలో మూడు పేటల ముత్యాలు లేనిదే గడప దాటదని టైలరమ్మ పెట్టుకున్న పేరది. ఆమె లేని పార్టీని పత్రికలవాళ్ళు పార్టీ కిందే లెక్కవేయరు.

"శుక్రవారానికి తెల్లది కావాలి. మెడ కాస్త పైకి పెట్టు. చూడగానే బాధగా అనిపించాలి."

"అయ్యో, ఎవరు పోయారు మేడమ్?"

"ఇంకా పోలేదులే. డాక్టర్లు రెండు రోజులన్నారు." నిలువుటద్దం ముందు పక్కకు తిరిగి పొట్ట లోపలికి పీల్చుకుంది. "మన నవ్వులరాణి."

టైలరమ్మ చేతిలోంచి టేపు జారింది. నవ్వులరాణీ ఇక్కడే కుట్టించుకుంటుంది. ఇద్దరూ చెట్టపట్టాలేసుకుని వచ్చేవాళ్ళు. ఒకరి గౌనుకి ఒకరు గుండీలు పెట్టుకునేవాళ్ళు.

"ఆసుపత్రికెళ్ళి చూసొచ్చారా?"

"అమ్మో, ఆ వాసన నాకు పడదు. ఏకంగా శుక్రవారమే వెళ్తా."

అయినా టైలరమ్మ చీటీ రాసింది. బతికున్న మనిషి పేరు, పక్కన 'సంతాపం, శుక్రవారం' అని. రాసిన చేతిని సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది.

సాయంత్రంలోగా మరో నలుగురు వచ్చారు. వాళ్ళకీ తెల్లవే, ఆ శుక్రవారానికే.

నవ్వులరాణి పోలేదు.

నెల తిరక్కుండానే చేతికర్ర పట్టుకుని దుకాణం మెట్లెక్కింది. గౌను లోపల మనిషి ఉందా లేదా అన్నట్టుంది. కోలుకున్నందుకు పార్టీ ఇస్తోందట, ఎర్ర గౌను కావాలట.

"ఎన్ని సూదులు గుచ్చినా ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు తెలుసా!" అంది గొప్పగా.

టైలరమ్మ సంబరం పట్టలేక కుర్చీ వేసింది, మంచినీళ్ళు తెచ్చింది. ఆ హడావిడిలో అసలు సంగతి మరిచిపోయింది. నాలుగు తెల్ల గౌన్లు బీరువాలో దాచింది గానీ, ముత్యాల మేడమ్‌ది ఇంకా బయటే వేలాడుతోంది.

నవ్వులరాణి చీటీ పట్టుకుని చదివింది. తన పేరు. ఆ శుక్రవారం.

టైలరమ్మ నాలిక కరుచుకుంది. ఇక తిట్లు లంకించుకుంటుందని, గౌను పట్టుకుని పరపరా చించేస్తుందని ఎదురుచూసింది. నిజానికి చించాలనే కోరుకుంది. కత్తెరను మెల్లగా ఆమె వైపు జరిపింది కూడా.

"ఇదొక్కటేనా?"

"మీ దగ్గర అబద్ధమెందుకమ్మా. ఇంకో నాలుగు లోపలున్నాయి. మొత్తం ఐదు."

నవ్వులరాణి వేళ్ళ మీద ఎవరెవరినో లెక్కపెట్టుకుంది. ఒక చెయ్యి చాలక రెండో చేతికి వచ్చింది. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి.

"ఐదేనా?" అంది.