అంచులో ముఖం

"ఈ పిల్ల ఎవరు, నోఫ్రీ?"

పాద్రే తద్దేయో చేతికర్ర చూపిస్తున్న చోట, చర్చి గోడ మీద చిత్రించిన ద్రాక్షాకుల మధ్య నుంచి ఒక అమ్మాయి తొంగిచూస్తోంది.

"ఎవరూ కాదు పాద్రే. అంచు. ఖాళీ నింపాలి కదా అని వేశాను," అన్నాడు నోఫ్రి నిచ్చెన దిగకుండానే.

గోడల నడుమ పునీతుల కథలు ఫ్లోరెన్స్ నుంచి వచ్చిన పెద్ద చిత్రకారులు ఎప్పుడో వేసి వెళ్ళిపోయారు. వాటి చుట్టూ ఆకులు, పళ్ళు, పిట్టలు వేసే పని ఏళ్ళ తరబడి నోఫ్రిదే. ప్రాతో ఊళ్ళో అందరికీ అతను ఆకుల నోఫ్రి.

"అంచంటే ఆడదాని మెడలో గొలుసులాంటిదయ్యా. కథకి శోభ తేవాలి, అంతే. తనంతట అది మాట్లాడకూడదు. ఇది మాట్లాడుతోంది."

"మీకూ వినిపిస్తోందా?" అన్నాడు నోఫ్రి గబుక్కున.

ఈ మధ్య పూజ చేస్తున్నంతసేపూ ఆ చూపు పాద్రే వీపుకి తగులుతూనే ఉంది. ఆ మాట పైకి అనలేక గొంతు పెంచాడు.

"మన ఊరి బిందో వచ్చి గోల పెట్టి వెళ్ళాడు. అది వాళ్ళమ్మాయేనట. పెళ్ళి కుదిరిన పిల్లని గోడకెక్కించావని నీ మీద కత్తి నూరుతున్నాడు. ఎవరో చెప్పు. చెప్పకపోతే రేపే సున్నం కొట్టిస్తాను."

"సున్నం వద్దు పాద్రే."

పిల్ల ఎవరో చెప్పకుండానే నోఫ్రి ఆకుల వైపు తిరిగి కుంచె రంగులో ముంచాడు.

ఇక అతని పెళ్ళాం ముందే తేలుతుందనుకుని పాద్రే పియేరాకి కబురు పెట్టాడు. ఉన్ని వడుకుతూ వడుకుతూ వచ్చినట్టుంది, చేతుల నిండా నూగు.

"చూడమ్మా, కోపం తెచ్చుకోకు. నీ మొగుడు ఎవరి పిల్లనో వేశాడు."

పియేరాకి కోపం రాలేదు. ఆ ముఖాన్ని కాసేపు చూసి, తిన్నగా గుమ్మం దగ్గరికి, అంచు మొదలైన చోటికి నడిచింది. పాద్రే వెనకాలే వెళ్ళాడు. అక్కడ ఆకుల పొత్తిట్లో పండులా కనిపించేది పండు కాదు, గుడ్డల్లో చుట్టిన పసిగుడ్డు. కాస్త ఇవతల అంజూరపండు కొరుకుతూ పాలపళ్ళ పాప. ఆ తర్వాత జడలేసుకున్న పిల్ల. అన్నిటికీ అవే కళ్ళు. ఇన్నేళ్ళుగా రోజూ నడిచే దారిలో ఒక పిల్ల పెరుగుతూ వచ్చిందని పాద్రే ఏనాడూ గమనించలేదు.

"ఇక్కడ బొద్దుగా వేశాడు," అంది పియేరా, చిన్న చెంపని వేలితో తాకుతూ. "ఆ చలికాలం జ్వరంతో చిక్కి సగమైంది." తర్వాత నిచ్చెన కేసి తలెత్తింది. "జడకి ఎర్ర రిబ్బను వేశావేం? నీలం అడిగింది కదా!"

"ఎరుపే అంది. నువ్వు పొయ్యి దగ్గరున్నావు."

"నీకే చెవుడు. మరి మెడలో పగడాలేవి? పగడాలు పగడాలని నా ప్రాణం తోడేస్తోంది."

"రేపు వేస్తానని చెప్పు."

పాద్రే గుండెల మీంచి బరువు దిగిపోయింది. పకపకా నవ్వేశాడు.

"ఓరి పిచ్చివాళ్ళారా! మా కూతురని ముందే చెప్పి ఏడవొచ్చుగా? బిందో నోరు నేను మూయిస్తాలే. సున్నం లేదు ఏమీ లేదు, పగడాలు వెయ్యి. ఇంత పిల్ల ఉందని నాకు తెలియనే తెలియదే! ఆదివారం గుడికి తీసుకురండి. పెళ్ళి కూడా నా చేతుల మీదే చేస్తాను."

నిచ్చెన మీద నోఫ్రి కుంచె దించేశాడు. పియేరా చెయ్యి గోడ మీదే ఉండిపోయింది.

"ఏంటమ్మా అలా చూస్తావు? పెద్దవాణ్ణయ్యాను, మతిమరుపు. పుట్టగానే దీనికి జ్ఞానస్నానం ఇచ్చింది నేనేనా?"

పియేరా అతని వైపు తిరిగింది.

"ఊపిరి లేకుండా పుట్టిన బిడ్డకి ఇవ్వనన్నది మీరే కదా, పాద్రే."