కిటికీ పక్కన స్టూలు

స్టూడియో నుంచి వచ్చిన ఫోటో చూసి స్మిత పకపకా నవ్వింది.

"ఇందులో ఉండేది ఎవరు? నువ్వా, పౌడరు డబ్బానా?"

కాత్యాయని ఫోటో లాక్కుంది. నిజానికి తనకూ అదే అనుమానం. వెనక పరదా మీద నీలం రంగు జలపాతం. ముందు సున్నం కొట్టినట్టు తెల్లటి ముఖం. కళ్ల కింది నీడలూ, చెంప మీది పుట్టుమచ్చా ఏవీ లేవు. స్టూడియోవాడు శుభ్రంగా తుడిచేశాడు.

కృష్ణగిరి సంబంధంవాళ్లు ఫోటో అడిగి చాలా రోజులైంది. వద్దంటే వద్దన్న కాత్యాయని చివరికి మెత్తబడిందంటే, అది స్మిత మొండితనం వల్లే. "ముందు నీ పెళ్లి. అంతవరకూ నా పెళ్లి మాట ఎవరూ ఎత్తొద్దు" అని తేల్చి చెప్పేసింది. అన్నంత పనీ చేసే రకం. జూజువాడి ఊరి దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం. సెలవొస్తే మెడలో సెకండ్ హ్యాండ్ కెమెరా. ఆ ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు.

"అన్నా, ఇదే పంపించేద్దాం," అంది కాత్యాయని.

ఆమె అన్న వరదప్పకు హోసూరు బజారులో బట్టల అంగడి ఉంది. ఫోటోను చెయ్యి చాచి దూరంగా పెట్టి చూశాడు.

"బాగానే ఉండాది గదా. తెల్లగా ఉండాది."

"రేపు ఆయన చూసేదానికి వస్తే, ఈ తెల్లామెను యాడ నుంచి తెస్తావు?" అంది స్మిత. "నేను తీస్తాను. ఇంట్లోనే."

ఆ ఆదివారమే తీసింది. నడవాలో ఆకుపచ్చ గోడకు ఆనించి నిలబెట్టి, ట్యూబులైటు వేసి, ముఖం మీదికి ఫ్లాష్ కొట్టింది. రీలు కడిగించి తెస్తే కళ్లు ఎర్రగా, చెంపలు పచ్చగా వచ్చాయి. వెనక గోడ మీద ఇంకో మనిషి నిలబడ్డట్టు నల్లటి నీడ.

వరదప్ప ఊరుకోలేదు. "స్టూడియోవాడు పౌడరు పూసినాడు. నువ్వు పసరు పూసినావు."

స్మిత ఆ ఫోటోలను సొరుగులో పడేసింది. తరువాత ఫ్యాక్టరీలో ఎవరినో అడిగి, దూరం నుంచి తీసే లెన్సొకటి ఎరువు తెచ్చుకుంది. దగ్గరికొచ్చి తీస్తే ముక్కు పెద్దదవుతుందట.

మరుసటి ఆదివారం ఇల్లంతా తలకిందులైంది. ట్యూబులైటు ఆర్పేశారు. స్టూలు గోడ దగ్గర నుంచి కిటికీ పక్కకు వచ్చింది. కిటికీకి వరదప్ప తెల్ల పంచె అడ్డంగా వేలాడింది. దానిలోంచి వచ్చే వెలుతురు వడగట్టినట్టు మెత్తగా ఉంది. ఆకుపచ్చ గోడ మీద గోధుమరంగు దుప్పటి పడింది. టీవీ పెట్టెలోని థర్మాకోల్ అట్ట వరదప్ప చేతికి వచ్చింది.

"వెలుతురు ఈ పక్క చెంప మీదికి తిరిగి పడాల. కదలొద్దు."

అంగట్లో నలుగురికి పని చెప్పే మనిషి అట్ట పట్టుకొని బొమ్మలా నిలబడ్డాడు.

కాత్యాయని బూడిదరంగు చీరలో వచ్చింది. స్మిత తల అడ్డంగా ఊపింది.

"దీంట్లో ముఖం వాడిపోతుంది. పెట్టెలో అడుగున వంగపండు రంగు పట్టుచీర ఉండాది. అది కట్టుకో."

"అది వద్దు. నలుగురూ నవ్వుతారు."

"ఆ నలుగురూ ఈడ లేరు. ఉండేది మనం ముగ్గురమే."

ఆ రంగు కట్టి చాలా ఏళ్లయింది. కాత్యాయని లోపలికి వెళ్లి, చాలాసేపటికి వచ్చింది. వరదప్ప అట్ట చాటున ముఖం తిప్పుకున్నాడు.

స్టూలు మీద కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"తల ఎత్తమ్మా. ఇంకొంచెం. అట్లా బిగుసుకోవద్దు, ఇది ఓటరు కార్డుకు కాదు. కొంచెం నవ్వు."

"నవ్వితే నేను బాగుండను."

"ఎవరు చెప్పినారు?"

కాత్యాయని కొంగు సరిచేసుకుంది. సంబంధం కుదిరితే ఈ ఇల్లు వదిలి పోవాలి. కుదరకపోతే స్మిత ఇట్లాగే ఉండిపోతుంది. రెండూ భయంగానే ఉన్నాయి. ఆ భయమంతా ముఖంలోకి వచ్చి కూర్చుంది. స్మిత కెమెరా దించింది, ఎత్తింది, మళ్లీ దించింది.

"చెయ్యి నొస్తావుండాదమ్మా," అన్నాడు వరదప్ప. "పెళ్లికూతురు ఆమెనా, నేనా?"

అని గట్టిగా తుమ్మాడు. థర్మాకోల్ పొట్టు లేచి ఆయన మీసాల నిండా అంటుకుంది. కాత్యాయని నవ్వింది. ఆపుకోలేక, తల వెనక్కి వాల్చి నవ్వింది. కెమెరా క్లిక్కుమంది.

ఫోటో వచ్చింది. పుట్టుమచ్చ ఉంది. కళ్ల కింది నీడలూ ఉన్నాయి. కానీ కళ్లలో కిటికీ వెలుతురు చుక్కలా మెరుస్తోంది. వంగపండు రంగు ముఖానికి వెచ్చదనం తెచ్చింది. కాత్యాయని దాన్ని చాలాసేపు చూసుకుంది.

"నేను ఇట్లా ఉండానా?"

"ఇట్లాగే ఉండావు. నువ్వే చూసుకోలేదు."

ఫోటో కృష్ణగిరికి పోయింది. కొద్దిరోజులకు వాళ్లే చూడవచ్చారు. పెళ్లికొడుకు జనార్ధనరావుకు అక్కడ పాత్రల అంగడి. మితంగా మాట్లాడే మనిషి. పెద్దవాళ్లు వానల గురించీ, మామిడి కాపు గురించీ మాట్లాడుకుంటున్నంతసేపూ కాత్యాయని తల దించుకునే ఉంది.

జనార్ధనరావు జేబులోంచి ఫోటో తీశాడు. దాన్ని చూశాడు, ఆమెను చూశాడు.

"ఫోటోలో ఎట్లా ఉండారో అట్లాగే ఉండారు," అన్నాడు. "ఎవరు తీసినారు దీన్ని?"

కాత్యాయని మొదటిసారి తల ఎత్తి, కాఫీ పళ్లెంతో గుమ్మంలో నిలబడ్డ స్మితను చూపిస్తూ, "నా కూతురు," అంది.