ఏడో భాగం చివరి పేజీ

అట్ట మీద పసుపు రంగు ఆరకముందే ఆమె ఇరవయ్యో బాతు ముక్కు కత్తిరించింది.

"ఇదొక్కటే ఇంత పొడుగుందేంటి?" అన్నాడు భర్త.

"అది పైవాటావిడకి."

"మనం చేసేది పాప పుట్టినరోజా, పగ తీర్చుకోవడమా?"

"ఒకే కేకుతో రెండూ."

పోయిన నెల పైవాటావిడ కొడుకు పుట్టినరోజు. పిల్లలకు కథ చదవమని ఈమె చేతిలో పుస్తకం పెట్టారు. ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషి. రెండో వాక్యానికే నాలుక తడబడింది.

"ఇలా ఇవ్వండి, మీరు ముగించేసరికి పిల్లలు నిద్రపోతారు" అంటూ పైవాటావిడ పుస్తకం లాక్కుంది.

తల్లులందరూ నవ్వారు. పాప మాత్రం తల వంచుకుంది.

ఆ వంచిన తలే ఈమెకు గొంతులో ముల్లయింది.

అందుకే పాప ఏడో పుట్టినరోజు మొత్తం 'బాతమ్మ పడవ' మయం. తల్లి బాతూ పిల్ల బాతూ పడవెక్కి తిరిగే కథలు, ఏడు భాగాలు. మూడు నెలల కిందట ఈమె ఆస్పత్రిలో ఉన్నప్పుడు, బడి వదిలాక పాపను లైబ్రరీలో కూర్చోబెట్టేవాడు తండ్రి. అప్పుడు పట్టుకున్న పిచ్చి. ఏడో భాగాన్నయితే పాప తిరిగి ఇవ్వనేలేదు. గడువు పెంచుకుంటూ దిండు కిందే పెట్టుకుంది.

"చివర్లో ఏమవుతుందో మళ్ళీ చెప్పవే" అంది పాపతో.

"తుఫానులో పడవ తాడు పట్టుకోడానికి బాతమ్మ నీళ్ళలోకి దూకేస్తుంది. పోయిందనుకుంటారు అందరూ. తెల్లారేసరికి వచ్చేస్తుంది! 'రెక్కలు తడిసి బరువెక్కాయిరా, అందుకే ఆలస్యం' అంటుంది."

"ఈ పేజీ చేత్తో రాసుందేంటే?"

"అసలుది చిరిగిపోయిందంట. లైబ్రరీలో బైండింగ్ అమ్మమ్మ రాసి అతికించింది."

గుండ్రటి అక్షరాలు. అచ్చుకేం తీసిపోవు. ఆమె అక్కడితో వదిలేసింది. బుర్రంతా పోటీ మీదే ఉంది.

తల్లులకు మాత్రమే పోటీ. ఒకటే ప్రశ్న. చెప్పలేనివాళ్ళు పొడుగు ముక్కు తగిలించుకుని గది చుట్టూ బాతులా అరుస్తూ తిరగాలి.

"ఏడు భాగాలూ చదివేంత ఓపిక ఆవిడకెక్కడిది? చస్తుంది" అని పళ్ళు నూరింది.

పుట్టినరోజు నాడు నీలం దుప్పట్లన్నీ పరిస్తే హాలు ఏరయింది. బీరువా వచ్చిన అట్టపెట్టె పడవైంది.

కేకు కోశాక ఆమె గొంతు సవరించుకుంది.

"పైవాటా అక్కగారూ, ముందు మీరే. చివరికి బాతమ్మ ఎందుకు ఆలస్యంగా వచ్చింది?"

పైవాటావిడ తెల్లమొహం వేసింది. ఆ మొహం కోసమే నెల్లాళ్ళు ఎదురుచూసింది ఈమె.

"ఆలస్యమేంటి ఆంటీ?" అన్నాడు ఆవిడ కొడుకు. "బాతమ్మ రాదుగా. చచ్చిపోతుంది. పిల్ల బాతు ఒక్కతే పడవ నడుపుకుంటూ పోతుంది."

"కాదు బాబూ, సరిగ్గా చదివుండవు."

వాడు మెట్లెక్కి పరిగెత్తి తన పుస్తకం తెచ్చాడు. పైవాటావిడ చివరి పేజీ గట్టిగా, ఎక్కడా తడబడకుండా చదివింది. తర్వాత పాప పుస్తకం తిరగేసింది.

"ఓహో, చేతిరాతా! చదవడం రాకపోతే సొంతంగా రాసేసుకుంటారన్నమాట!"

నవ్వుల్లో ఎవరో ఆ పొడుగు ముక్కు తీసి ఈమె మొహానికే తగిలించారు.

పాప మంచం కింద దూరింది. అందరూ వెళ్ళాక కూడా బయటికి రాలేదు.

"అమ్మా, బాతమ్మ నిజంగా రాలేదా?"

ఆమె ఒళ్ళంతా మండిపోయింది. పైవాటావిడను ఏమీ చేయలేదు. ఆ పేజీ రాసిన మనిషినైతే చేయగలదు. అత్త మీద కోపం దుత్త మీదికి మళ్ళింది.

మర్నాడు లైబ్రేరియన్ బల్ల మీద పుస్తకం విసిరికొట్టింది.

"ఎవరండీ ఈ తప్పుడు రాతలు రాసింది?"

వెనక గదిలోంచి ఒక పెద్దావిడ వచ్చింది. వేళ్ళ నిండా జిగురు.

"నేనేనమ్మా."

"పదిమందిలో మా పరువు తీశారు!"

"పాప బాగా ఏడ్చిందా?"

"ఏడవదా మరి?"

పెద్దావిడ ఈమెను కాసేపు పరకాయించి చూసింది.

"మీకిప్పుడు ఒంట్లో బాగుందా అమ్మా?"

"మాట మార్చకండి! ఈవిడిక్కడ ఉంటే నేను పై అధికారులకు అర్జీ రాస్తాను."

రాస్తానన్నదే గానీ, రాయడం ఎలాగో ఆమెకే తెలియదు. లైబ్రేరియన్ మాత్రం బెదిరిపోయాడు.

"అచ్చు పుస్తకంలో సొంత కథలేంటండీ? రేపట్నుంచి రాకండి" అన్నాడు పెద్దావిడతో.

పెద్దావిడ బల్ల మీది పుస్తకం తీసి ఈమె చేతికే తిరిగిచ్చింది. వేళ్ళు తుడుచుకుని, కళ్ళజోడు డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది.

నెల తర్వాత ఆ రోజే ఈమె కడుపునిండా తింది.

నాలుగో రోజు పాప ఏడో భాగం తెచ్చి అమ్మ ఒళ్ళో పడేసింది. "నాకొద్దు, ఇచ్చేసెయ్."

ఆమె లైబ్రరీకి వెళ్ళి పుస్తకం ఇస్తూ అడిగింది. "ఆ ముసలావిడ మళ్ళీ ఏమైనా వచ్చిందా?"

"రాలేదమ్మా. ఎక్కడుంటుందో కూడా తెలియదు. జీతం మనిషి కాదుగా, పదేళ్ళుగా ఊరికే వచ్చి అతికించి పోయేది. ఆమె సొరుగులో ఇది దొరికింది. మీ పుస్తకానిదే."

కవరులో అచ్చు పేజీ ఒకటి. ఎక్కడా చిరగలేదు. బ్లేడుతో గీత గీసినట్టు కోసి ఉంది. దానికో చీటీ గుచ్చి ఉంది.

చీటీ మీది తేదీ చదవడానికి ఆమె తడబడలేదు. తనను ఆపరేషన్‌కు లోపలికి తీసుకెళ్ళిన రోజది.

కింద గుండ్రటి అక్షరాలు. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది:

"పాప ఆరో భాగం ముగించింది, రేపు ఏడోది అడుగుతుంది, వాళ్ళమ్మ క్షేమంగా ఇంటికొచ్చి, పాప ఈ పుస్తకం తిరిగిచ్చాక, ఈ పేజీ మళ్ళీ అతికించాలి."