సినిమాలో లేని మనిషి

“ఆపండి! అంతా అబద్ధం!”

మాట్నీ మధ్యలో, ముందు వరుసలోంచి ఓ ముసలావిడ లేచి నిలబడింది.

తెర మీద నల్ల కారు దూసుకుపోతోంది. డిక్కీ నిండా నాటుసారా డబ్బాలు. వెనక పోలీసు జీపు. ఈ చుట్టుపక్కల నిజంగా జరిగిన కథేనని, ఎప్పటిదో పాత సినిమాను మళ్ళీ వేశారు. హాలంతా ఈలలు.

మేనేజరు టార్చిలైటుతో పరుగెత్తుకొచ్చాడు.

“ఏంటి మామ్మగారూ ఈ గోల? కూర్చోండి.”

“వాడు హీరోనా? వాడు చేరేసిన సారా తాగి పదకొండు మంది పోయారు. కళ్ళు పోయినవాళ్ళు వేరే. అది చూపించరేం?”

“సినిమాని సినిమాలా చూడాలండీ.”

“వాళ్ళు సినిమాలో చావలేదయ్యా!”

“ముసలమ్మకి చూస్తేనే కిక్కెక్కిందిరోయ్!” వెనకనుంచి ఎవడో అరిచాడు. హాలు గొల్లుమంది.

ఆవిడ గిర్రున తిరిగింది. “నవ్వండి! పోయినవాళ్ళు వచ్చి మిమ్మల్ని నోరు ముయ్యమనలేరుగా!”

మేనేజరుకు ఒళ్ళు మండింది. మోచెయ్యి పట్టుకుని గేటు దాకా లాక్కెళ్ళాడు.

“పెద్దవారని ఊరుకుంటున్నా. మళ్ళీ ఈ ఛాయలకి రాకండి.”

ఆవిడ చెయ్యి విదిలించుకుంది. పైట సర్దుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

కాసేపటికి మేనేజరు పక్కింటాయన, రిటైరైన హెడ్ కానిస్టేబులు, మోకాళ్ళ నొప్పులతో బాల్కనీ మెట్లు ఒక్కొక్కటే దిగొచ్చాడు. మొహం ఎర్రగా ఉంది.

“ఆవిణ్ణి గెంటేశావట్రా? నీ బుద్ధి గడ్డి తిందా?”

“ఎవరు బాబాయ్ ఆవిడ?”

“సినిమాలో టైరు పేలి కారు దొరుకుతుంది కదా? టైరూ పేలలేదు, గాడిదగుడ్డూ లేదు. ఆ పదకొండు మంది పోయిన మర్నాడు పొద్దున్నే ఆవిడ మా స్టేషనుకొచ్చింది. కారు ఏ దారిన పోతుందో చెప్పింది. అదే విషం ఆవేళ మన వీధికొస్తోంది. మీ నాన్న సంగతి తెలుసుగా, మొదటి గ్లాసు ఆయనదే!”

ఆ నాన్న మొన్న మొన్నటి దాకా బతికాడు. మనవరాలిని చెయ్యి పట్టుకుని బడికి దింపాడు.

మేనేజరు బస్టాపుకు పరుగు తీశాడు. ఆవిడ లేదు. అప్పుడే ఒక బస్సు వెళ్ళిందన్నారు. ఎటు వెళ్ళే బస్సో చెప్పినవాడు లేడు.

రొప్పుతూ తిరిగొచ్చాడు.

“ఇంతకీ... ఆ కారు దారి ఆవిడకెలా తెలుసు బాబాయ్?”

ముసలాయన మెల్లగా మెట్టు మీద కూర్చున్నాడు.

“తెలియకేం? తెల్లారే లేచి, కారు తోలే మొగుడికి అన్నం క్యారేజీ కట్టిచ్చి, వాడు గుమ్మం దాటగానే మా దగ్గరికి నడిచొచ్చిందిరా.”